మా నాయన వడ్రంగి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మొన్న ఆషాఢంలో మా నాయన తన 91వ ఏట కాలం చేశారు. పెద్దకర్మకు ముందు తెలిసినవారందరికీ కబురు అందాలని మీ పత్రికలో చిన్న ప్రకటన వేయించడానికి మా తమ్ముడి కొడుకూ నేనూ వెళ్లాం. అక్కడ కాగితం నింపుతున్న కుర్రవాడు పేరు, వయసు, ఊరు రాసుకున్నాక "హోదా ఏమని వేయమంటారు?" అని అడిగాడు. మావాడు కాసేపు తటపటాయించి "ఫర్నిచర్ వ్యాపారం" అన్నాడు. నేను వద్దని చెప్పి "వడ్రంగి" అని రాయించాను. తిరిగి వచ్చేటప్పుడు వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాడిని తప్పు పట్టను. వాడు చదివిన చదువులో ఆ మాట చిన్నప్పటి వాచకంలో బొమ్మ కింద పేరుగా తప్ప మరెక్కడా ఎదురై ఉండదు. అయితే ఆ రెండంగుళాల ప్రకటనలో ఒక్క మాటగా మిగిలిన డెబ్భై ఏళ్ల బతుకును కాస్త విప్పి చెప్పుకోవాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైందనిపిస్తే కత్తెర మీ చేతిలోనే ఉంది.

నాయన పుట్టింది భువనగిరి దగ్గర ఒక పల్లెలో. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. పోలీసు చర్య నాటికి, అంటే 1948 సెప్టెంబరుకు, తనకు పద్నాలుగేళ్లని ఆయన లెక్క. మా తాత ఆ ఊరి వడ్లాయన. నాగళ్లు, గొర్రులు, బండి చక్రాలు, కొత్త ఇల్లు కడితే దర్వాజలు ఆయన చేతి మీదుగానే సాగేవి. ఏ పనికి ఆ కూలి అన్న మాట లేదు, పంట చేతికొచ్చాక కల్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. పంట పోయిన ఏడు రైతు గాదెలోనే గింజ లేకపోతే వడ్లాయన ఇంట్లో ఎక్కడిది? అలాంటి కరువు రోజుల్లో, 1950లో, నాయన భువనగిరి స్టేషనులో రైలెక్కి సికింద్రాబాదులో దిగారు. సంచిలో చెక్కను చెక్కే బాడిస ఒకటి, రెండు ఉలులు, మూడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు ఉన్నాయని చెప్పేవారు. రొట్టెలు ఒక్క రోజులోనే అయిపోయాయని అమ్మ పక్కనుంచి అందించేది.

గోషామహల్ వైపు కుర్చీలు, బల్లలు, అల్మారాలు చేసే ఒక కార్ఖానాలో పని దొరికింది. కార్ఖానా పెద్దను అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయనకు తెలుగు రాదు, నాయనకు ఉర్దూ రాదు. చెక్కను నునుపు చేయడానికి వాడే, ఇంటి దగ్గర చిత్రిక అని పిలిచిన పనిముట్టు ఇక్కడ రందా అయింది, బాడిస బసూలా అయింది, మూలమట్టం గునియా అయింది, ఉలి రుఖానీ అయింది. భాష రాకముందే పని మాటలు వచ్చాయని, మిగిలిన ఉర్దూ ఆ మాటల చుట్టూ అల్లుకుందని నాయన అనేవారు. చివరి దాకా ఆయన ఇంట్లో చిత్రిక అనే అన్నారు, పనిలో రందా అనే అన్నారు. ఒకదాని చోట రెండోది వాడగా నేను వినలేదు.

మొదటి ఆరు నెలలు ఉస్తాద్ ఆయన చేత చెక్క ముట్టించలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సానరాయి ముందు కూర్చుని అందరి ఉలులకూ చిత్రికల అలుగులకూ పదును పెట్టడమే పని. పదును కుదిరిందో లేదో ముంజేతి వెంట్రుకల మీద ఆనించి చూసేవారు, అందుకని ఆ ఆరు నెలలూ ఎడమచేతి మీద ఒక్క వెంట్రుక మిగల్లేదట. అది చాలా తెలివైన శిక్షణ అని బడిపంతులమ్మగా ముప్పై మూడేళ్లు పనిచేసిన నాకు తర్వాత అర్థమైంది. పనిముట్టు ఎందుకు తెగుతుందో తెలియనివాడు చెక్క ఎందుకు చీలిందో చెప్పలేడు. కూలి వారానికోసారి, హాలీ సిక్కాల్లో, అంటే నిజాం నాణేల్లో ఇచ్చేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు, అంటే భారత ప్రభుత్వ రూపాయలకు, సమానమైన రోజులవి. 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, తర్వాత కొలతల్లో మీటర్లు వచ్చాయి. డబ్బు లెక్క మార్చుకున్న మనిషి కొలత లెక్క మాత్రం మార్చుకోలేదు. అంగుళంలో ఎనిమిదో వంతును వడ్రంగులు సూత్ అంటారు. "రెండు సూత్‌లు తక్కువ నాలుగడుగులు" అన్నది ఆయనకు కంటితో కనిపించే పొడవు, మిల్లీమీటర్లలో చెబితే మళ్లీ అడిగేవారు.

కలప అడితికి నన్ను వెంట తీసుకెళ్లిన రోజులు బాగా గుర్తు. నాకు పదేళ్లుంటాయి. కోసి పేర్చిన టేకు దిమ్మెల మధ్య ఆయన నడుస్తూ, ఒక్కొక్క దిమ్మె కొసను అరచేత్తో తుడిచి, వంగి చూసి, వేలి కణుపుతో తట్టి వినేవారు. చెట్టు నడిమి భాగంలో ముదురు రంగున్న గట్టి చెక్కను చేవ అంటారని, దాని చుట్టూ ఉన్న తెల్లటి పైచెక్కకు చెద ముందుగా పడుతుందని, అమ్మేవాడు ఆ తెలుపు కనబడకుండా జాజు పూస్తే తడిగుడ్డతో తుడిచి చూడాలని నాకు అక్కడే తెలిసింది. చేవగలవాడు, చేవ చచ్చినవాడు అని మనం రోజూ అనే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో పుస్తకాల్లో చదవడానికి చాలా ముందే ఆ దిమ్మెల దగ్గర చూశాను. కొన్న చెక్కను వెంటనే కోసేవారు కాదు. నేల తగలకుండా, చెక్కకూ చెక్కకూ మధ్య సన్నటి బద్దలు పెట్టి, గాలి ఆడేలా నీడన పేర్చి, నెలల తరబడి వదిలేసేవారు. పని తొందరపెట్టే ఇంటివారికి ఇది నచ్చేది కాదు. నాయనకు వచ్చిన చెడ్డపేరంతా ఆలస్యం వల్లే వచ్చింది. ఆ పేరు అబద్ధం కూడా కాదు; ఒప్పుకున్న గడువుకు పని ఇచ్చిన సందర్భాలు నా ఎరుకలో తక్కువ.

ఆయన అసలు పని దర్వాజలు, తలుపులు. దర్వాజ చట్రానికి మద్దిగానీ వేగిసగానీ, తలుపు రెక్కలకు టేకు. పలకల తలుపులో అడ్డపట్టె కొసను నాలుకలా చెక్కి, నిలువుపట్టెలో ఉలితో తొలిచిన తొర్రలో దిగగొట్టి, రెంటినీ కలిపి బెజ్జం వేసి, వెదురు మేకు కొట్టేవారు. ఇనుప మేకు ఒక్కటి కూడా ఉండేది కాదు. ఇక్కడ చూసేవారికి తెలియని సంగతి ఒకటుంది. పట్టెల మధ్య ఉండే వెడల్పాటి పలకను ఆయన సరేసు పెట్టి అంటించేవారు కాదు. పట్టెల లోపలి అంచున తీసిన గాడిలో దాన్ని ఊరికే దించి, కాస్త చోటు వదిలేవారు. చెక్క పొడవునా మారదు, అడ్డంగా మారుతుంది. మే నెల ఎండకు ముడుచుకుంటుంది, వానల్లో తేమ తాగి ఉబ్బుతుంది. అంటించి బిగించిన పలక మొదటి వేసవికే పగులుతుంది. "కట్టె కోసినంక గూడ బతికే ఉంటది బిడ్డా, దానికి మెసలనీకి జర జాగ ఇడువాలె" అనేవారు. కొత్తగా చేసిన తలుపును ఊపితే గాడిలో పలక చిన్నగా టకటకమనేది. ఇంటివారు అది పనిలో లోపమనుకుని గొడవ చేస్తే, నాయన వాదించకుండా, వానాకాలం వెళ్లాక పిలవమని చెప్పి వచ్చేసేవారు.

దర్వాజ నిలబెట్టే రోజు ఇంటికి మొదటి పండుగ. గడప కింద నవధాన్యాలు, నాణెం వేసి, చట్రానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి నిలిపాక, మేస్త్రీకి కొత్త బట్టలు, బియ్యం, తాంబూలం ఇచ్చేవారు. అమ్మ పెట్టెలో అలా వచ్చిన ధోవతులు, తువాళ్లు దొంతరగా ఉండేవి. మా ఇద్దరు తమ్ముళ్ల చొక్కాలు కొన్ని ఆ ధోవతుల్లోంచే వచ్చాయి. ఆ ఒక్కపూట మాత్రం ఇంటి యజమాని కంటే ముందు నాయనను పీట మీద కూర్చోబెట్టేవారు. ఆ మర్యాదను గురించి ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు కానీ, ఆ రోజు మాత్రం తప్పకుండా గడ్డం గీసుకుని వెళ్లేవారు.

దర్వాజ పని ఏడాది పొడవునా దొరికేది కాదు. మూఢం వస్తే, ఆషాఢం వస్తే ఎవరూ ఇల్లు మొదలుపెట్టరు. డిసెంబరులో నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, మైదానంలో దుకాణాలకు చట్రాలు కొట్టే పనికి వెళ్లేవారు. జనవరి 1 నుంచి నలభై ఆరు రోజులు నిలిస్తే చాలు, తర్వాత విప్పి పారేసే పని కాబట్టి, చెక్కతో చెక్కను కలిపే ఊసే లేదు, ఇనుప మేకులు కొట్టుకుంటూ పోవడమే. ఆ పని నుంచి వచ్చిన రోజు ఆయన ముఖం చిరాకుగా ఉండేది. మాకు మాత్రం ఎగ్జిబిషన్ తెరిచాక ఒకరోజు టికెట్టు లేకుండా లోపలికి వెళ్లగలిగే దారి అదొక్కటే, అందుకని ఏడాది పొడవునా మేము ఎదురుచూసింది ఆ చిరాకు పని కోసమే. గల్ఫ్‌కు వెళ్లే అవకాశం ఒకసారి వచ్చింది, వెళ్లలేదు. కారణం అడిగితే అక్కడ చెట్లు లేవు కదా అని నవ్వేసేవారు. అసలు కారణం మా నలుగురి చదువులని అమ్మ చెప్పింది.

రాంనగర్‌లో 1974లో రెండు గదుల ఇల్లు వేసుకునే దాకా మేము ఆరుగురం అద్దెకున్నది ఒకే గది. వంట రంపపు పొట్టు పొయ్యి మీద. రేకు డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా తిప్పి తీసేస్తే నడుమ గొట్టంలా దారి ఏర్పడుతుంది. కింది కన్నంలోంచి నిప్పు పెడితే పప్పూ అన్నమూ అయ్యేంత సేపు నిలకడగా కాలుతుంది. ఆ దట్టించే పని నాది. సరిగ్గా దట్టించకపోతే సీసా తీయగానే గొట్టం కూలిపోయి, పొగ గది నిండా కమ్ముకుని, అందరూ నా వైపు చూసేవారు. అమ్మ ఇంటి పని అయ్యాక సాయంత్రాలు కుర్చీ చేతులకు, బల్ల కాళ్లకు ఉప్పుకాగితం పట్టేది, లప్పం పెట్టేది, స్పిరిట్‌లో నానబెట్టిన లక్కను గుడ్డ ఉండతో పలచగా పూత మీద పూత రుద్దేది. నాయన పేరున ఈ నగరంలో ఉన్న ప్రతి మెరిసే బల్ల వెనుక అమ్మ మోచేతి నొప్పి కూడా ఉంది. ఆమె పోయి పదకొండేళ్లయింది. ఆమె ప్రకటనలో హోదా అని ఎవరూ అడగలేదు.

తమ్ముళ్లిద్దరికీ ఆయన పని నేర్పారు, నాకూ చెల్లెలికీ నేర్పలేదు. అడిగితే "ఆడపిల్లకు బాడిస ఎందుకే" అనేవారు. ఆ ఒక్క విషయంలో నాకు ఆయన మీద ఇప్పటికీ కోపం ఉంది. గీత కొట్టేటప్పుడు జాజులో తడిపిన దారం రెండో కొస పట్టుకోవడం, పలకకు చిత్రిక పట్టేటప్పుడు వాటం ఎటుందో చెప్పడం వరకే నాకు దొరికింది. వాటానికి ఎదురు పడితే చెక్క పేళ్లు లేస్తుంది, వాటం వెంట వెళితే సన్నటి చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంది. నేను చెప్పిన వాటం ఎక్కువసార్లు సరిపోయేదని ఆయన మేనత్తతో చెబుతుండగా విన్నాను. నాతో ఎన్నడూ అనలేదు.

సెలవు రోజున మమ్మల్ని తీసుకెళ్లే చోటు సాలార్‌జంగ్ మ్యూజియం. అది పాత దేవిడీ నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. మేము చూసింది ఆ తర్వాతి ఏళ్లలోనే. గంట కొట్టే వేళకు జనమంతా సంగీత గడియారం ముందు చేరేవారు, మేమూ అక్కడికే పరుగెత్తేవాళ్లం. నాయన మాత్రం ముందు పురుషుడు, వెనుక స్త్రీ ఉన్న జంట కొయ్యబొమ్మ దగ్గర ఆగిపోయేవారు. వెనుక వైపు కనిపించేలా దానికి అద్దం అమర్చి ఉంటుంది. సైకమోర్ అనే విదేశీ చెట్టు దుంగ ఒక్కదాంట్లోంచి తీసిన బొమ్మ అది. తలవంచుకున్న ఆ అమ్మాయి ముఖాన్ని గానీ, ఎదురుగా ఛాతీ విరుచుకుని నిలబడ్డవాడిని గానీ ఆయన అంతగా పట్టించుకున్నట్టు లేదు. ఇద్దరూ కలిసే అంచు దగ్గర, అటు వాడి అంగీ మడత ఇటు ఆమె పైట మడతగా మారే చోట, మెడ వంచి, అద్దంలో ఒకసారి, బొమ్మలో ఒకసారి చూస్తూ నిలబడేవారు. కాపలా మనిషి జరగమంటే జరిగి, అతను అటు వెళ్లగానే మళ్లీ వచ్చేవారు. ఒకసారి ఏం చూస్తున్నావని అడిగితే, చెక్కినవాడు ఎటువైపు నుంచి మొదలుపెట్టాడో తెలియడం లేదన్నారు. తర్వాతి ఏడాది వెళ్లినప్పుడు కూడా అదే జవాబు.

2000 ఆగస్టు 24న ఈ నగరం మీద ఒక్కరోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు పారే నాలా పొంగి, దోమలగూడ, అశోక్‌నగర్ వీధుల్లో నడుములోతు నీళ్లు నిలిచాయి. అప్పటికి నాయనకు అరవై ఆరేళ్లు. నీళ్లు తీసిన మర్నాటి నుంచి మా ఇంటి ముందు జనం. కొత్త ఇళ్లలో పొట్టు నొక్కి చేసిన పలకల అల్మారాలు చాయలో ముంచిన రొట్టెలా ఉబ్బి ఊడిపోయాయి, వాటికి చేయగలిగిందేమీ లేదు. పాత ఇళ్లలోని టేకు తలుపులు మాత్రం ఉబ్బి చట్రాల్లో బిగుసుకుపోయాయి. ఇంటింటికీ చిత్రిక పట్టుకుని వెళ్లి అంచులు తీసేస్తే ఆ రెండు వారాల్లో ఆయన ఏడాది సంపాదన వచ్చి ఉండేది. ఆయన వెళ్లారు, తలుపులు చూశారు, ఒక్కదానికీ చిత్రిక పెట్టలేదు. తడితో ఉబ్బిన తలుపు అంచు ఇప్పుడు తీస్తే ఎండాక చట్రానికీ దానికీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది, దసరా దాకా ఆగండి, అదే తగ్గుతుంది అని చెప్పి, పడక గదుల తలుపులు బందుల నుంచి ఊడదీసి గోడకు నీడన ఆనించి, చేతి కూలి మాత్రం తీసుకుని వచ్చారు. కొందరు విన్నారు. ఇంకొందరు తలుపు పడకపోతే రాత్రి ఎలా పడుకుంటామని వేరేవారిని పిలిపించుకున్నారు. వారి ఇబ్బంది కూడా అబద్ధం కాదు. మరుసటి వేసవిలో ఆ ఇళ్లకే వెళ్లి తలుపుల అంచులకు బద్దలు అతికించే పని నాయనకు దొరికింది. ఆ సంగతి చెప్పి మేము నవ్వితే ఆయన నవ్వేవారు కాదు. అతుకు పని ఆయనకు ఇష్టం లేదు.

తర్వాత కాలం మారింది. పెద్ద తమ్ముడు ప్లైవుడ్ పనిలోకి వెళ్లాడు, ఇప్పుడు వంటగదుల అల్మారాలు చేయిస్తాడు, వాడి కొడుకే ప్రకటన కాగితంలో వ్యాపారం అని రాయించబోయినవాడు. ఈ విషయంలో నేను నాయనతో ఏకీభవించను. ఇప్పటి టేకు ధరకు మధ్యతరగతి మనిషి ఇంటినిండా గట్టిచెక్క పెట్టించుకోలేడు, మంచి ప్లైవుడ్ పని మంచి పనే. నాయన మాత్రం దాన్ని పేరుపెట్టి పిలవకుండా "ఆ అట్టలు" అనేవారు. బస్సులో వెళుతుంటే హిమాయత్‌నగర్ దగ్గరో నారాయణగూడ దగ్గరో కిటికీలోంచి వేలు చూపి "అగో, ఆ దర్వాజ నాదే" అనడం ఆయన అలవాటు. ఏటేటా ఆ వేలు లేచే చోట్లు తగ్గుతూ వచ్చాయి. ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టినప్పుడు పాత తలుపులు గురువారం జుమ్మేరాత్ బజార్‌కు చేరేవి. అక్కడ తను చేసిన జత తలుపులు ఒకసారి చూసి, బేరమాడి, డబ్బు చాలక ఒక్క రెక్క మాత్రం కొనుక్కుని ఆటోలో తెచ్చారు. ఒక్క రెక్కతో ఏం చేస్తావని అమ్మ గొడవ పెట్టుకుంది. అది చాలా ఏళ్లు మా డాబా మీద ఊరికే పడి ఉండి, చివరికి నా చదువుబల్ల పైపలక అయింది. ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను.

ఇక పత్రికకే రాయాల్సిన సంగతి ఒకటుంది. ఎనభై నాలుగో ఏట ఆయనను ఒక పని మీద ఒక కార్యాలయానికి తీసుకెళ్లాం. వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టమన్నారు. కుడి బొటనవేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు. ఎడమది, చూపుడువేలు, ఉంగరపువేలు, పదివేళ్లూ అయ్యాయి. చేతులు కడుక్కుని రమ్మన్నారు, తర్వాత కొబ్బరినూనె రాయమన్నారు, తర్వాత గుడ్డతో గట్టిగా తుడవమన్నారు. బల్ల వెనుక ఉన్న అమ్మాయి మంచిదే, "తాతా, ఇంకొక్కసారి" అని ఓపికగా అడుగుతూనే ఉంది. నాయన అరచేతులు రెండూ వెలుతురుకు పెట్టి చూసుకుని "అరవై ఏండ్లు ఉప్పుకాగితం పట్టిన చెయ్యి బిడ్డా, గీతలు యాడికెల్లి ఉంటయి" అన్నారు. ఆమె నవ్వింది, యంత్రం మాత్రం ఒప్పుకోలేదు. ఆ వయసు మనిషిని ఎండలో మూడుసార్లు తిప్పాక, మూడోసారి ఎవరో పెద్దాయన లోపలి గదిలోంచి కంటిపాపను చూసి గుర్తించే యంత్రం తెచ్చి నిమిషంలో పని ముగించారు. అది మొదటి రోజు కూడా అదే బీరువాలో ఉందట. ఎవరినీ నిందించడానికి ఇది చెప్పడం లేదు. ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైనప్పుడు వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ మేస్త్రీ మొదలైన 18 వృత్తులవారికి పనిముట్లకు రూ.15,000, తక్కువ వడ్డీకి అప్పు, శిక్షణ ఇస్తారని మీ పత్రికలోనే చదివి నాయనకు వినిపించాను. అందులో పేరు నమోదుకూ వేలిముద్ర గుర్తింపు కావాలని చదవగానే, ఆయన కళ్లు మూసుకునే "అయితే పని చెయ్యనోనికి ఇస్తరన్నట్టు" అన్నారు. అది ఎత్తిపొడుపే, పథకం మంచిదేనని నా అభిప్రాయం. అయితే చేతులతో బతికేవారి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయన్నది సున్నం కలిపే మేస్త్రీనో, బీడీలు చుట్టే ఆడవారినో, ఇటుకలు మోసే కూలీనో ఎవరిని అడిగినా చెబుతారు. అలాంటివారు వచ్చే ప్రతి కేంద్రంలో ఆ రెండో యంత్రం బీరువాలో కాక బల్ల మీదే ఉండాలని, వేలిముద్ర పడనివారిని రేపు రమ్మని పంపకూడదని, సంబంధిత అధికారులు ఒక మాట చెబితే చాలు. దీనికి కొత్త ఖర్చు కూడా లేదు.

నాయన చివరి పని ఎనభయ్యో ఏట చేసిన ఊయల, మా చెల్లెలి మనవరాలి కోసం. తర్వాత చెయ్యి వణికేది కాబట్టి ఉలి పట్టలేదు. అయినా ప్రతి దసరాకు పెట్టె దించి, పనిముట్లన్నీ తుడిచి, నూనె రాసి, పసుపుకుంకుమలు పెట్టి, సాయంత్రం జమ్మి ఆకు బంగారం పంచేవారు. ఆయన పోయాక పెట్టె తెరిస్తే, వాడి వాడి సగం పొడవుకు అరిగిపోయిన ఉలులు, పల్లె నుంచి తెచ్చిన ఆ బాడిస, ఉస్తాద్ ఇచ్చిన ఇత్తడి గునియా, అమ్మ లక్కపూతకు వాడిన గుడ్డ ఉండ ఒకటి గట్టిపడి రాయిలా కనిపించాయి. పంచుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, పెట్టె అలాగే ఉంది.

మా ఇంటి వీధి తలుపు ఆయన 1974లో చేసిందే. ఇతరుల పనిలో మిగిలిన టేకు, మద్ది, వేప, మామిడి ముక్కలన్నీ కలిపి చేశారు కాబట్టి, ఒక్కో చెట్టు ఒక్కో తీరుగా ఉబ్బి, ప్రతి వానాకాలం అది మొరాయిస్తుంది. ఈసారి మరీ బిగుసుకుంది. పరామర్శకు వచ్చినవారు భుజంతో తోసుకుని లోపలికి రావలసి వస్తోంది. మొన్న చిన్న తమ్ముడు విసుగొచ్చి పెట్టెలోంచి చిత్రిక తీసి తలుపు దాకా వెళ్లాడు. అంచు మీద పెట్టాడు, కాసేపు అలాగే నిలబడ్డాడు, మళ్లీ తెచ్చి పెట్టెలో పెట్టేశాడు. దసరాకు ఇంకా రెండు నెలలుంది. అందాకా పెరటి దారిన వచ్చిపోతున్నాం.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు,
రాంనగర్, హైదరాబాద్.